ఇంగ్లీషు మాటలకూ ఇంటిపేర్లు వున్నాయి



ఈ సంచికలో నేను ఇంగ్లీషు పెద్ద మాటల గురించి రాస్తున్నాను. పెద్ద మాటలు అంటే క్యాట్, మ్యాట్ కాదు. పురుగుమందు డబ్బాల మీద, బ్యాంకు ఫారాల్లో, ఆసుపత్రి చీటీల్లో, మన సైన్సు పుస్తకంలో వుండే పొడుగు మాటలు. వాటిని చూస్తేనే మనకి భయం. పరీక్షకి బట్టీ పడతాం, పరీక్ష అయిపోగానే మర్చిపోతాం. ఆ మాటలు ఎలా తయారయ్యాయో, వాటిని ఎలా గుర్తుపెట్టుకోవాలో, అవి మన ఇళ్ళల్లో ఎందుకు పనికొస్తాయో నాకు తెలిసినంత వరకు చెప్తాను. చివరిదాకా చదవండి.

1. మనకి ఇంగ్లీషు ఎన్నో భాష?

తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇంగ్లీషు రెండో భాష. మనలో చాలామందికి మూడో భాష. నేను సుగాలి అమ్మాయిని. మా తండాలో గోర్ బోలి మాట్లాడతాం. బడికి వచ్చాక తెలుగు నేర్చుకున్నా. తర్వాత ఇంగ్లీషు. మన హాస్టల్లో ఎరుకల అమ్మాయిలు ఇంట్లో వాళ్ళ భాష మాట్లాడతారు, అది తమిళానికి దగ్గర. చెంచు, యానాది పిల్లలది తెలుగే కానీ పుస్తకంలో వుండే తెలుగు కాదు. కాబట్టి మనం అందరం ఒక భాష ఎక్కువే మోస్తున్నాం. దీన్ని తక్కువ అనుకోవద్దు. రెండు భాషలు వచ్చినవాళ్ళకి ఒక వస్తువుకి రెండు పేర్లు వుంటాయని ముందే తెలుసు. మూడో పేరు పెట్టుకోవడం అంత కష్టం కాదు.

లోకంలో మనమే కష్టపడటం లేదు. చైనా పిల్లలు కూడా ఇంగ్లీషు నేర్చుకుంటారు. వాళ్ళ కష్టాలు వేరు. చైనా భాషలో నిన్న తిన్నా, రేపు తినబోయినా క్రియ రూపం మారదు. ఒకటి వున్నా పది వున్నా మాట మారదు. మాట్లాడేటప్పుడు అతనికీ ఆమెకీ ఒకటే మాట, తా. అందుకని వాళ్ళు ఇంగ్లీషులో హి అనాల్సిన చోట షి అంటారు. కాలాలు తప్పుతారు. మనకి ఆ బాధ తక్కువ. తింటాడు, తింటుంది, తిన్నారు, తింటారు అని తెలుగులో అన్నీ మారుతూనే వుంటాయి గదా. కానీ ఒక విషయంలో వాళ్ళకే సులువు. మనం క్రియని చివర పెడతాం. నేను అన్నం తింటాను. గోర్ బోలిలో కూడా క్రియ చివరే వస్తది. ఇంగ్లీషులో, చైనాలో నేను తింటాను అన్నం అనే వరసే. ఎవరి కష్టం వాళ్ళ భాషని బట్టి వుంటది. తెలివిని బట్టి కాదు.

2. గోర్ బోలి, ఇంగ్లీషు దూరపు చుట్టాలు

చిన్నప్పుడు నేను చదివిన ఒకచోట మా భాష మాట్లాడితే, అదేం భాష, దానికి లిపి కూడా లేదు అని నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఈ లెక్క చూడండి. గోర్ బోలిలో ఏడుకి సాత్, ఇంగ్లీషులో సెవెన్. ఎనిమిదికి ఆట్, ఇంగ్లీషులో ఎయిట్. తొమ్మిదికి నో, ఇంగ్లీషులో నైన్. మూడుకి తీన్, ఇంగ్లీషులో త్రీ. పేరుని మేము నామ్ అంటాం, వాళ్ళు నేమ్ అంటారు. ముక్కు మాకు నాక్, వాళ్ళకి నోస్. పన్ను మాకు దాంత్. పళ్ళ డాక్టరు వాళ్ళకి డెంటిస్టు.

ఇవి ఊరికే కలవలేదు. విలియం జోన్స్ అనే జడ్జి 1786లో కలకత్తాలో ఒక ఉపన్యాసంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి వుండాలి అన్నారు. తర్వాత పండితులు పరిశోధించి ఇది పెద్ద భాషా కుటుంబం అని తేల్చారు. ఇంగ్లీషు, హిందీ, రాజస్థానీ, గోర్ బోలి అన్నీ ఆ కుటుంబంలోవే. మా పెద్దలు రాజస్థాన్ వైపు నుంచి ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్షిణానికి వచ్చారు. భాషని కూడా మోసుకొచ్చారు. తెలుగు వేరే కుటుంబం. 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే దొర తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళం, కన్నడం దాని తోబుట్టువులని చూపించారు. 1856లో కాల్డ్‌వెల్ ఆ కుటుంబానికి ద్రావిడ అనే పేరు వాడి పెద్ద వ్యాకరణం రాశారు. ఎరుకల భాష కూడా ద్రావిడమే.

ఇక లిపి సంగతి. ఇంగ్లీషుకి మాత్రం సొంత లిపి వుందా? వాళ్ళు రాసే ఎ, బి, సి, డి లు రోమన్ల అక్షరాలు. అడిగి తెచ్చుకున్నవే. సొంత లిపి లేకపోతే భాష కాదు అనేటట్టయితే ఇంగ్లీషు కూడా భాష కాదు. మా గోర్ బోలిని కూడా తెలుగు అక్షరాలతో రాసుకోవచ్చు.

మీకు తెలుసా?
సెప్టెంబరు తొమ్మిదో నెల. కానీ లాటిన్‌లో సెప్టెం అంటే ఏడు. ఆక్టో అంటే ఎనిమిది, నోవెం అంటే తొమ్మిది, డెకెం అంటే పది. మా సాత్, ఆట్, నో, దస్ లాగే. మరి లెక్క రెండు నెలలు ఎందుకు తప్పింది? పూర్వం రోమన్లకు సంవత్సరం మార్చితో మొదలయ్యేది, మనకి ఉగాది ఆ రోజుల్లోనే వచ్చినట్టు. మార్చి నుంచి లెక్కపెట్టి చూడండి, సెప్టెంబరు ఏడో నెలే అవుతుంది.

3. మన మాటలు కూడా వాళ్ళ దగ్గర వున్నాయి

ఇంగ్లీషు వాళ్ళు చాలా భాషల దగ్గర మాటలు తీసుకున్నారు. 1611లో ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడ మన నిజాంపట్నం రేవుకి వచ్చింది. తర్వాత మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. వాళ్ళకి కావలసింది ఇక్కడి నూలు బట్టలు. బట్టలతో పాటు మన దేశం మాటలు కూడా ఓడ ఎక్కాయి. ఛింట్ నుంచి చింట్జ్ వచ్చింది. కాలికట్ ఊరి పేరు నుంచి కాలికో అనే బట్ట పేరు వచ్చింది. కాటన్ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. చిల్లీ అనేది మెక్సికో ఆదివాసుల మాట. మిరపకాయని పోర్చుగీసు వాళ్ళు సముద్రం దాటించి మన దేశానికి తెచ్చారు. గుంటూరు మిర్చి అని మనం గొప్పగా చెప్పుకునే కాయ పేరు ఇంగ్లీషులో వేరే దేశపు ఆదివాసులు పెట్టింది.

తెలుగు మాట కూడా ఒకటి వుంది. బాండికూట్. అదేంటో చెప్పండి చూద్దాం. మన పందికొక్కు. కల్లాల్లో బస్తాలు కొరికే పందికొక్కు ఇంగ్లీషు డిక్షనరీలో కూర్చుంది. ఎరుకల చెల్లెళ్ళు గమనించాలి, మ్యాంగో, కట్టమరాన్ మాటలు తమిళం, మలయాళం వైపు నుంచి వెళ్ళినవి. టీ అనే మాట చైనా వాళ్ళది.

4. ఇంటిపేరు తెలిస్తే మాట తెలిసినట్టే

ఇప్పుడు అసలు విషయం. మన ఊళ్ళో కొత్త మనిషి వస్తే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు తెలిస్తే ఎవరి తాలూకో తెలిసిపోతది. ఇంగ్లీషు పొడుగు మాటల్లో కూడా అట్లాంటి ఇంటిపేర్లు వున్నాయి. అవి ఎక్కువగా లాటిన్, గ్రీకు ముక్కలు.

సైడ్ ఇంటివాళ్ళు: ఈ సైడ్ అంటే పక్క కాదు, స్పెల్లింగు వేరు. చంపేది అని అర్థం. ఇన్సెక్టిసైడ్ పురుగుని చంపేది. ఫంగిసైడ్ బూజు తెగుళ్ళని చంపేది. హెర్బిసైడ్ కలుపుని చంపేది. పెస్టిసైడ్ పంటకి చెరుపు చేసే వాటన్నిటినీ చంపేది. హోమిసైడ్ అంటే మనిషిని చంపడం. ఒక ఇంటిపేరుతో ఐదు మాటలు వచ్చేశాయి.

సెక్ట్ ఇంటివాళ్ళు: దీనికి కోసినది అని అర్థం. పురుగు ఒళ్ళు చూడండి, తల, రొమ్ము, పొట్ట అని కోసి అతికించినట్టు మూడు ముక్కలుగా వుంటది. అందుకే ఇన్సెక్ట్. మన తరగతిని ఎ, బి అని కోస్తారు గదా, అది సెక్షన్. రెండూ ఒకే ఇల్లు.

డ్యూస్ ఇంటివాళ్ళు: నడిపించడం. రెడ్యూస్ అంటే తగ్గించడం, ప్రొడ్యూస్ అంటే బయటికి తేవడం, ఇంట్రొడ్యూస్ అంటే పరిచయం చేయడం, ఇండ్యూస్ అంటే జరిగేట్టు చేయడం. ఎడ్యుకేషన్ కూడా వీళ్ళ చుట్టమే.

హేల్ ఇంటివాళ్ళు: ఊపిరి. ఇన్‌హేల్ లోపలికి పీల్చడం, ఎక్స్‌హేల్ బయటికి వదలడం.

మాను ఇంటివాళ్ళు: చేయి. మాన్యువల్ అంటే చేత్తో చేసేది. మాన్యుస్క్రిప్ట్ అంటే చేత్తో రాసింది. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ గోడపత్రిక మాన్యుస్క్రిప్టే.

ఒక హెచ్చరిక. చుట్టరికం చూసి మోసపోకూడదు. మాట ముందు ఇన్ వస్తే చాలాసార్లు కాదు అని అర్థం. కరెక్ట్, ఇన్‌కరెక్ట్. కానీ ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కాదు, బాగా మండేది. ఫ్లేమబుల్ అన్నా, ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఒకటే. ఆ మాట వున్న డబ్బా పొయ్యి దగ్గర పెట్టకూడదు.

5. మందు అనే ఒక్క మాట

తెలుగులో మందు అంటే ఏంటి? జ్వరానికి వేసుకునేది మందు. పురుగుకి కొట్టేది మందు. పొలంలో చల్లే యూరియా కూడా మందే. తాగేది మందు. తుపాకీలో పెట్టేది కూడా మందే. బతికించేదీ, చంపేదీ ఒకే పేరు. ఇంగ్లీషులో వీటికి వేరువేరు మాటలు: మెడిసిన్, పెస్టిసైడ్, ఫెర్టిలైజర్, లిక్కర్, గన్‌పౌడర్. పూర్వం గ్రీకులో కూడా ఫార్మకాన్ అంటే మందూ విషమూ రెండూ. మందుల షాపుని ఫార్మసీ అనేది దాన్నుంచే.

మా నాయన ఎకరం కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. మా యాడి కూలికి పోయి పత్తి తీస్తది. మా వైపు పెద్దవాళ్ళు 1987-88లో తెల్లదోమ వచ్చి పత్తి రైతులు నాశనమైపోయిన సంగతి ఇప్పటికీ చెప్తారు. 2021-22లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చింది. ఇంగ్లీషులో దాన్ని త్రిప్స్ అంటారు. ఒకటి వున్నా త్రిప్సే, లక్ష వున్నా త్రిప్సే, చివర ఎస్ తీసెయ్యకూడదు. పురుగు వస్తే అందరూ మందు కొంటారు. కొట్లో ఇచ్చింది తెస్తారు, చెప్పినంత పోస్తారు. సీసా లోపల మడత కాగితంలో తెలుగు వున్నా అక్షరాలు మరీ సన్నం. మా ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే.

సంక్రాంతి సెలవల్లో నాయన సీసా ఇచ్చి, ఏం రాసుందో చూడమ్మా అన్నాడు. చదివితే డోసు హెక్టారుకి అని వుంది. హెక్టారు అంటే సుమారు 2.47 ఎకరాలు. కొట్లో ఆ మొత్తం ఎకరానికే పొయ్యమని చెప్పారు. ఉదాహరణకి హెక్టారుకి 500 మిల్లీలీటర్లు అని వుంటే ఎకరానికి సుమారు 200 చాలు. 500 పోస్తే రెండున్నర రెట్లు. డబ్బు దండగ, చేనుకి చేటు, కొట్టే మనిషికి ఇంకా చేటు. నాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, పోయిన పంటకి ఎంత కొట్టానో అని లెక్క వేసుకున్నాడు. హెక్టారు అనే ఒక్క మాట అంత పని చేస్తది. ఆ సీసా మీద మాటలన్నీ నోటుబుక్కులో రాసుకుని వచ్చి మేడమ్ గారిని అడిగా. మీరు కూడా నేర్చుకోండి.

ముందు రంగు చూడాలి. డబ్బా మీద మూలల మీద నిలబెట్టిన చతురస్రం గుర్తు వుంటుంది. కింది సగం రంగు, పై సగం మాట.
ఎరుపు: అన్నిటికన్నా ఎక్కువ విషం. పుర్రె బొమ్మ, పాయిజన్ అనే మాట.
పసుపు: చాలా విషం. ఇక్కడా పాయిజన్ అనే వుంటుంది.
నీలం: మధ్యరకం. డేంజర్.
ఆకుపచ్చ: తక్కువ విషం. కాషన్. ఆకుపచ్చ అంటే మంచిది అని కాదు, జాగ్రత్త అని.

తర్వాత ఈ మాటలు:
టాక్సిక్: విషంతో కూడినది. టాక్సిసిటీ అంటే విషతీవ్రత.
సింప్టమ్స్: విషం ఎక్కితే కనిపించే లక్షణాలు. తల తిరగడం, వాంతులు, చెమటలు లాంటివి.
యాంటిడోట్: విరుగుడు. యాంటి అంటే ఎదురు, డోట్ అంటే ఇచ్చినది. డోసు కూడా దాని చుట్టమే.
డైల్యూట్: నీళ్ళు కలిపి పలచన చేయడం.
డిస్పోజ్: పారవేయడం. ఖాళీ డబ్బాల్లో నీళ్ళు, నూనె పోసుకోకూడదు.
వెయిటింగ్ పీరియడ్: మందు కొట్టాక కాయ కోయడానికి ఆగాల్సిన రోజులు.
ఇండ్యూస్ వామిటింగ్: వాంతి చేయించడం. కొన్ని సీసాల మీద ముందు డు నాట్ అని వుంటుంది, కొన్నిటి మీద వుండదు. ఆ రెండు చిన్న మాటలు చూడకపోతే ప్రాణం మీదికి వస్తది. ఎవరికైనా విషం ఎక్కితే 108కి ఫోన్ చేసి, సీసా కూడా ఆసుపత్రికి పట్టుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు విరుగుడు ఇవ్వగలరు.

6. మాట తెలిస్తే చాలదు, వాడుక తెలియాలి

తెలుగులో కొట్టు అనే మాట చూడండి. మందు కొట్టు, గంట కొట్టు, తలుపు కొట్టు, కొబ్బరికాయ కొట్టు, రంగు కొట్టు, చెట్టు కొట్టు. ఇంగ్లీషులో అన్నిటికీ బీట్ అంటే నవ్వుతారు. వరసగా స్ప్రే, రింగ్, నాక్, బ్రేక్, పెయింట్, కట్ అనాలి. అంటే మాటకి జోడీ మాట కూడా నేర్చుకోవాలి. పెద్ద వానని బిగ్ రెయిన్ అనరు, హెవీ రెయిన్ అంటారు. చిక్కటి టీని స్ట్రాంగ్ టీ అంటారు. హోంవర్క్‌కి డు, మిస్టేక్‌కి మేక్. డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు, ఆ అర్థం డిస్కస్‌లోనే వుంది. రిటర్న్ తర్వాత బ్యాక్ కూడా అంతే.

అన్నిటికన్నా కష్టం ఎ, ది. తెలుగులో లేవు, గోర్ బోలిలో లేవు, చైనా భాషలో కూడా లేవు. కానీ మన కథల్లో వున్నాయి! అనగనగా ఒక తండా. ఆ తండాలో ఒక ముసలమ్మ. ఆ ముసలమ్మ దగ్గర ఒక మేక. మొదటిసారి చెప్పేటప్పుడు ఒక, అది ఎ. రెండోసారికి వినేవాళ్ళకి తెలిసిపోయింది కాబట్టి ఆ, అది ది. అన్ని చోట్లా ఇది సరిపోదు గానీ సగం సందేహాలు దీంతో తీరతాయి.

7. రెండు మాటల మధ్య తేడా

సి.పి. బ్రౌన్ దొర గురించి తెలుగు పాఠంలో విన్నాం. ఆయన 1817లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మనం ఇంగ్లీషుకి పడే కష్టం ఆయన తెలుగుకి పడ్డారు. మాటలు పోగుచేసి రాసిన ఆయన తెలుగు, ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఇప్పటికీ వాడుతున్నారు.

1832-33లో గుంటూరు సీమలో పెద్ద కరువు వచ్చింది. అది నందన నామ సంవత్సరం, కాబట్టి నందన కరువు అనీ, డొక్కల కరువు అనీ అన్నారు. ఎంతోమంది చనిపోయారు. బ్రౌన్ అప్పుడు గుంటూరులో పనిచేశారు. పై అధికారులు దాన్ని స్కేర్సిటీ అంటే, బ్రౌన్ ఫామిన్ అని రాశారు. స్కేర్సిటీ అంటే కొరత. ఫామిన్ అంటే కరువు. ఇంట్లో పప్పు అయిపోతే కొరత. మనుషులు చచ్చిపోతుంటే కరువు. కొరత అని రాస్తే పెద్దగా ఏం చెయ్యక్కర్లేదు, కరువు అని రాస్తే అన్నం పెట్టాలి. అందుకే రెండు మాటలూ ఒకటే అనుకోకూడదు. అర్జీలో ఏ మాట రాస్తే ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళే మన తరఫున రాయగలరు. రేపు మన తండాకి, మన గూడేనికి ఆ అర్జీ మనమే రాయాలి.

8. నేను నేర్చుకునే పద్ధతి

ఒకటి, నోటుబుక్కులో అక్షర క్రమంలో కాకుండా ఇంటిపేర్ల ప్రకారం రాస్తాను. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ.
రెండు, పేజీని నాలుగు గళ్ళు చేస్తాను. ఇంగ్లీషు మాట, తెలుగు అర్థం, గోర్ బోలి అర్థం, మా ఇంటి విషయంతో ఒక వాక్యం. మా భాషలో అర్థం రాసిన మాటని ఇంతవరకు మర్చిపోలేదు.
మూడు, వారానికి ఐదు మాటలే. ఎక్కువ పెట్టుకుంటే అన్నీ పోతాయి.
నాలుగు, మాటతో పాటు జోడీ మాట రాస్తాను. ఒట్టి రెయిన్ కాదు, హెవీ రెయిన్.
ఐదు, మన పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు వుంటాయి గదా. ముందు ఇంగ్లీషు పక్క చదివి, అర్థం ఊహించి, తర్వాతే తెలుగు పక్క చూస్తాను.

ఇప్పుడు మీకు ప్రశ్నలు. 1. జెర్మిసైడ్ అంటే ఏంటి? 2. ఆక్టోపస్‌కి ఎన్ని చేతులు, ఎలా తెలుసు? 3. హెక్టారుకి 1000 మిల్లీలీటర్లు అయితే ఎకరానికి ఎంత? జవాబులు ఈ పేజీ పక్కన పెట్టిన కాగితం మీద రాయండి.

ఈసారి సెలవలకి ఇంటికి పోయినప్పుడు విత్తనాల ప్యాకెట్టు మీదో, మందు డబ్బా మీదో, బ్యాంకు కాగితం మీదో వున్న ఐదు పెద్ద మాటలు రాసుకు రండి. డబ్బాని ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి. అందరం తెచ్చినవి కలిపి మన బడి సొంత నిఘంటువు ఒకటి రాద్దాం. తెలుగు, గోర్ బోలి, ఎరుకల భాష అన్నిట్లో అర్థాలు పెడదాం.

— 9వ తరగతి విద్యార్థిని